ఉన్నిలోనే పట్టిన రంగు

ప్రశ్న: సార్, నమస్తే. తిరుపతిలో ఒక హైస్కూల్లో టీచర్‌ని. మా హెడ్‌మాస్టర్ గారి రిటైర్మెంట్ సావనీరుకు ఇంగ్లీషులో వ్యాసం రాస్తూ ఆయనది 'డైడ్ ఇన్ ద వూల్ డిసిప్లిన్' అన్నాను. ఒకరు స్పెల్లింగే తప్పన్నారు, ఇంకొకరు ఆ మాట పొగడ్తకు పనికిరాదన్నారు. ప్రింటుకు నాలుగు రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది. వ్యాసం జత చేశాను.

జవాబు: ముందు స్పెల్లింగు చూద్దామమ్మా. మీ కాగితంలో డి, ఐ, ఇ, డి అని ఉంది, అంటే చచ్చిపోవడం. కావలసింది డి, వై, ఇ, డి, రంగు వేయడం. రెండూ సరైన మాటలే కాబట్టి కంప్యూటర్ ఎర్రగీత పెట్టదు, మీ కంటితో మీరే చూసుకోవాలి.

ఇది అద్దకం పనివాళ్ల మాట. ఉన్నికి బట్ట నేశాక రంగు వేయొచ్చు, దారంగా ఉన్నప్పుడు వేయొచ్చు, అసలు వడకకముందే వేయొచ్చు. ముందే వేస్తే పోగు పోగుకూ పట్టేస్తుంది, ఎన్ని ఉతుకులు పడినా తొందరగా వెలిసిపోదు. మీకు దగ్గర్లోనే శ్రీకాళహస్తి ఉంది కదా, ఒకసారి వెళ్లి కలంకారీ పని చూడండి. అక్కడ రంగు వేసేది నేసిన నూలుబట్ట మీదే, అందుకే దానికి ఎంత తతంగమో! కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో గుడ్డను నానబెట్టి ఆరేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లను కలంతో ఆ గుడ్డ మీద గీస్తే, కరక్కాయలోని వగరుతో కలిసి గీత నల్లబడుతుంది, పాల జిడ్డు వల్ల అది పక్కకు పాకదు. నేను ఒక ముక్కను వేలితో గట్టిగా రుద్ది చూశాను, వేలికి ఏమీ అంటలేదు. రంగు లోపలికి పట్టడమంటే అదీ.

ఇక వాడకం. నమ్మకం అలా లోపలిదాకా పట్టేసినవాడు అని ఈ మాటకు అర్థం. ఈ మాట గుణానికి కాదు, మనిషికి తగిలిస్తారు, అదీ ఎక్కువగా ఏ పార్టీవాడో ఏ పక్షంవాడో చెప్పేటప్పుడు. 'ఎ డైడ్-ఇన్-ద-వూల్ కమ్యూనిస్ట్' అంటే బాగుంటుంది (నామవాచకం ముందు వస్తే మాటల మధ్య చిన్న గీతలు పెట్టండి). 'డైడ్-ఇన్-ద-వూల్ డిసిప్లిన్' అంటే అతకదు. పైగా అందులో 'ఎవరు చెప్పినా మారడు' అనే ధ్వని ఉంది, మన 'కరడుగట్టిన' లాంటిదే కానీ అంత కటువు కాదు. కాబట్టి పొగడ్తకు పనికిరాదన్న ఆ రెండోవారు చెప్పింది చాలావరకు నిజమే. సరదాగా రాసేటప్పుడైతే ఇబ్బంది లేదు, వీడ్కోలు వ్యాసంలో మాత్రం నాకు మనసొప్పదు.

దానికి బదులు 'ఇన్‌గ్రెయిన్డ్' (లోతుగా నాటుకుపోయిన) వేద్దామనుకుంటారేమో, అదీ అద్దకం నుంచి వచ్చిందే. పూర్వం యూరప్‌లో కెర్మిస్ అనే చిన్న పురుగుల నుంచి ఎర్రరంగు తీసేవాళ్లు, ఎండిన పురుగులు గింజల్లా కనిపించేవి కాబట్టి ఆ రంగును 'గ్రెయిన్' అన్నారు. కానీ ఈ మాట పాతుకుపోయిన చెడు అలవాట్లకూ దురభిప్రాయాలకూ ఎక్కువగా వాడతారు, వద్దు.

'డిసిప్లిన్ వాజ్ సెకండ్ నేచర్ టు హిమ్' (క్రమశిక్షణ ఆయనకు స్వభావంలా అలవడిపోయింది) అని రాయండి, హాయిగా ఉంటుంది. ఇంకొకటమ్మా, ప్రేయర్ బెల్లు కంటే ముందే వచ్చి, వానొచ్చినా గొడుగేసుకుని గేటు దగ్గర నిలబడేవారని రెండో పేరాలో రాశారు చూడండి, పేజీ సరిపోలేదని ఎవరైనా కత్తెర పట్టుకొస్తే ఆ వాక్యం మాత్రం తీయనివ్వకండి.