వండర్ ఉమన్ బొమ్మల మీద వ్యాసం రాసిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికన్ కామిక్స్ నాయిక వండర్ ఉమన్‌ను, అంటే అమెజాన్లనే యోధస్త్రీల రాకుమారి డయానాను, అభిమానులు గీసిన బొమ్మల మీద నువ్వు రాసిన వ్యాసం, దానితో పాటు పంపిన బొమ్మల ప్రతులు అందాయి. అన్నిటినీ నిదానంగా చూశాను. ఆ పాత్ర మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తున్నది. ఆ ప్రేమ లేనివారికి ఇలాంటి వ్యాసం రాయబుద్ధే కాదు గనుక, కామిక్స్ బొమ్మల మీద ఇంత శ్రద్ధ ఎందుకని ఎవరు ఎంత తక్కువ చేసి మాట్లాడినా దాన్ని వదులుకోవద్దని ముందుగానే చెబుతున్నాను. అయితే బొమ్మలు పక్కన పెట్టి వ్యాసం ఒక్కదాన్నే చదివినప్పుడు వాటిలో ఒక్కటి కూడా నా కళ్ల ముందు నిలవలేదు. "జీవం ఉట్టిపడుతోంది", "రంగులు కనువిందు చేస్తున్నాయి", "చూపు తిప్పుకోనివ్వడం లేదు" అన్న మాటలు ఏ బొమ్మకైనా అతుకుతాయి కాబట్టి వాటి వల్ల ఏ బొమ్మ గురించీ ఏమీ తెలియదు. బొమ్మ వేసేవారు మొహం ఎటు తిప్పాలో, బరువు ఏ కాలి మీద మోపాలో, ఆమె ఆయుధమైన తాడును చేతికివ్వాలో నడుముకు వేలాడదీయాలో, నీడ ఎక్కడ పడాలో అడుగడుగునా నిర్ణయించుకుంటూ పోతారు. ఆ నిర్ణయాలను కనిపెట్టి, అవి ఆ పాత్రను గురించి ఏం చెబుతున్నాయో పాఠకుడికి చూపడమే మెచ్చుకోలు అని నా నమ్మకం. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదంతా దాని చుట్టూనే ఉంటుంది.

నీ వ్యాసంలో నాకు అడ్డుపడిన మాట మరొకటి ఉంది. కొన్ని బొమ్మలను "అసలు వండర్ ఉమన్‌కు దగ్గరగా ఉన్నాయి" అని మెచ్చుకున్నావు, ఒకదాన్ని "అసలు రూపానికి దూరంగా పోయింది" అని నొచ్చుకున్నావు. ఆ అసలు రూపం ఏదో తేల్చడం అంత సులభం కాదమ్మా. 1941 చివర్లో ఆల్ స్టార్ కామిక్స్ ఎనిమిదో సంచికలో, మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మౌల్టన్ మార్‌స్టన్ రాసిన కథకు హ్యారీ జి. పీటర్ బొమ్మలు వేసినప్పుడు, ఆమె రొమ్ము మీద బంగారు డేగ, నడుము కింద తెల్ల నక్షత్రాలున్న నీలి లంగా ఉండేవి. కొద్దికాలానికే లంగా పోయి నిక్కరు వచ్చింది. పీటర్ 1958 వరకు ఆమెను గీశాడు, ఆ తర్వాత రాస్ ఆండ్రూ, మైక్ ఎస్పొసిటోల చేతిలో ఆమె ముఖమే మారిపోయింది. 1968లో శక్తులనూ నక్షత్రాల దుస్తులనూ తీసేసి, తెల్లని బట్టల్లో చేతిపోరు నేర్చుకున్న మామూలు మనిషిగా చేశారు. 1972 జూలైలో మిజ్ అనే స్త్రీవాద పత్రిక, వీధిని మించిన ఎత్తున అడుగులు వేస్తున్న పాత వండర్ ఉమన్‌ను ముఖచిత్రంగా వేసింది. మరుసటి సంవత్సరం ఆమె శక్తులు ఆమెకు తిరిగివచ్చాయి. 1982లో డేగ స్థానంలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్లున్న రెండు డబ్ల్యూ అక్షరాలు వచ్చాయి. 1987లో చిత్రకారుడు జార్జ్ పెరెజ్ ఆమెను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఒత్తైన ఉంగరాల జుట్టు ఇచ్చి, గ్రీకు పురాణాల నడుమ నిలబెట్టాడు. 2017 నాటి సినిమా ఆ ఎరుపు నీలాలను మసకబార్చి కవచంగా మార్చింది.

ఇన్ని రూపాల్లో ఒకదాన్ని ఎంచుకున్నప్పుడే అభిమాని తన మనసులో మాట సగం చెప్పేసినట్లు. అందుకే బొమ్మ ముందు కూర్చున్నప్పుడు పోలిక సంగతి మరచిపోయి, రొమ్ము మీద డేగ ఉన్నదో అక్షరాలున్నాయో చూడు. ఎరుపు పాత అచ్చుకాగితం మీది ఎరుపులా పచ్చిగా ఉన్నదో, సినిమా తెర మీది తోలు రంగులో ఉన్నదో చూడు. నువ్వు పంపిన మొదటి బొమ్మలో డేగా పెరెజ్ ఉంగరాల జుట్టూ కలిసి ఉన్నాయి. అది పొరపాటని నువ్వు రాశావు. నాకైతే, చిన్నప్పుడు చదివిన ఒక కాలాన్నీ పెద్దయ్యాక వెతికి తెచ్చుకున్న మరో కాలాన్నీ ఒకే మనిషిలో ఇమిడ్చాలన్న ఆశ అందులో కనిపించింది. నా ఊహే నిజమని పట్టుబట్టను, కానీ పొరపాటు అనే ముందు కారణం వెతకాలి.

గీతను చదవడం నీకు కొత్త విద్యేమీ కాదు. సంతకం చూడకుండానే ఇది బాపు బొమ్మ అని చెప్పగలిగే కన్ను తెలుగు పాఠకులకు ఏనాటి నుంచో ఉంది. చందమామలో శంకర్ వేసిన విక్రమార్కుడి భుజం మీద శవం బరువు తెలుస్తుంది. వడ్డాది పాపయ్య స్త్రీమూర్తిని ముఖచిత్రం మీద దూరం నుంచి చూసినా పోల్చుకోగలం. ఆ కంటినే ఇక్కడా వాడు. పీటర్ గీత నేటివారిలో చాలామందికి రుచించదు, అందులో మనుషులు కాస్త బిగదీసుకొని నిలబడతారు, ముఖాలు ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ల పత్రికల్లోని బొమ్మలను తలపిస్తాయి. నాకు మాత్రం ఎంతో ఇష్టం, ఎందుకంటే ఆ లావు గీతలో ఆమె ఎవరి మెప్పు కోసమూ నిలబడినట్లు ఉండదు. నీ రెండో బొమ్మ వేసినవారు ఆ గీతను ప్రయత్నపూర్వకంగా నేర్చుకున్నారు. తొడ దగ్గర మందంగా మొదలై చీలమండ దగ్గర సన్నబడే గీత చూడు. ఆ బొమ్మను మెచ్చుకోవాలంటే ఆ గీత గురించి ఒక పేరా రాయాలి. నువ్వు దాన్ని "రెట్రో స్టైల్" అని రెండు మాటల్లో ముగించేశావు.

గొలుసు తెంచుతున్న నాలుగో బొమ్మ దగ్గర "స్త్రీశక్తికి ప్రతీక" అని రాశావు. అది నిజమే అయినా అక్కడితో ఆగితే బొమ్మ వెనుక ఉన్న చరిత్ర అంతా మరుగున పడిపోతుంది. మార్‌స్టన్ కథల్లో అమెజాన్ స్త్రీ కంకణాలకు పురుషుడు గొలుసు బిగిస్తే ఆమె బలం పోతుంది. ఆ కంకణాలకు మూలం మార్‌స్టన్ కుటుంబంలో భాగంగా బతికిన ఆలివ్ బర్న్ చేతులకు ఎప్పుడూ ఉండే వెడల్పాటి కంకణాలు. ఇంకా వెనక్కి పోతే, అమెరికాలో స్త్రీలు ఓటు హక్కు కోసం పోరాడుతున్న రోజుల్లో, 1912లో, జడ్జ్ అనే పత్రికలో లూ రోజర్స్ అనే చిత్రకారిణి తన ఒంటికి చుట్టిన తాళ్లను తెంచుకుంటున్న స్త్రీని గీసింది. పీటర్ కూడా ఆ కాలంలో ఆ పత్రికకు బొమ్మలు వేసినవాడే. అంటే ఈనాడు ఒక అభిమాని టాబ్లెట్ మీద వేసిన ఆ గొలుసు, ఆ పాత్ర కన్నా ముందు పుట్టిన బొమ్మల వరుసలోనిది. ఇది తెలిశాక మళ్లీ చూస్తే, నీ చిత్రకారుడు గొలుసు తెగిన క్షణాన్ని కాక తెగడానికి ముందు క్షణాన్ని ఎంచుకున్నాడని గమనిస్తావు. కడియాలు మణికట్టులోకి దిగి ఉన్నాయి, మెడనరాలు పైకి తేలాయి, ముఖంలో మాత్రం కోపం లేదు. ఆ కోపం లేకపోవడమే ఆ బొమ్మలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

అభిమానులు వేసేది రెండో రకం కళ అన్న భావం నీ వాక్యాల్లో అక్కడక్కడ తొంగిచూస్తున్నది, "ఫ్యాన్ ఆర్ట్ అయినప్పటికీ" అన్న మాట పదే పదే వచ్చింది. అమెరికన్ కామిక్స్ చిత్రకారిణి ట్రీనా రాబిన్స్ సంగతి నీకు చెప్పాలి. ఆమె 1970లో, అందరూ స్త్రీలే కలిసి తెచ్చిన ఇట్ ఎయింట్ మీ బేబ్ అనే కామిక్ ముఖచిత్రం మీద వండర్ ఉమన్‌నూ, ఇతర కామిక్స్ పాత్రలైన ఆలివ్ ఆయిల్‌నూ లిటిల్ లులూనూ పిడికిళ్లు పైకెత్తి కవాతు చేస్తున్నట్లు గీసింది. ఆ పాత్రలను గీయమని వాటి సొంతదార్లెవరూ ఆమెకు చెప్పలేదు. 1986లో అదే రాబిన్స్, వండర్ ఉమన్ కథలు ప్రచురించే డీసీ సంస్థ తెచ్చిన నాలుగు సంచికల వండర్ ఉమన్ కథకు పీటర్ గీతను తలపించేలా బొమ్మలు వేసింది. ఆ పాత్ర పుట్టిన నలభై ఐదేళ్లకు, వండర్ ఉమన్ కామిక్‌ను గీసిన తొలి మహిళ ఆమే. అంతకాలం ఒక స్త్రీ చేతిలో ఆ పాత్ర ఎలా ఉంటుందో చూడాలనుకున్నవారికి అభిమానుల బొమ్మలే ఆధారమయ్యాయి. కాబట్టి "అయినప్పటికీ" అన్న మాటను వ్యాసం మొత్తంలో ఎక్కడున్నా తీసేయి.

మెచ్చుకోలు అంటే అభ్యంతరాన్ని దాచుకోవడం కూడా కాదు. 2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి వండర్ ఉమన్‌ను స్త్రీల, బాలికల సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించింది. అసాధ్యమైన కొలతల ఒళ్లు, చాలీచాలని దుస్తులు ఉన్న బొమ్మ ఆ పనికి తగదని సంస్థ ఉద్యోగులే నిరసన తెలిపారు. డిసెంబరుకల్లా ఆ హోదా ముగిసిపోయింది. ఆ వాదనలో ఇరువైపులా న్యాయం ఉందని నేననుకుంటాను. నీ చివరి బొమ్మలో నైపుణ్యం గొప్పది, లోహం మీద వెలుగు పడిన తీరు చూస్తే ఎవరికైనా అసూయ కలుగుతుంది. కానీ ఆమె నడుము తిరిగిన తీరులో వెన్నెముక ఉన్న మనిషెవరూ నిలబడలేరు, ఆమె చూపు శత్రువు మీద కాక చూసేవారి మీద ఉంది. ఈ రెండు మాటలూ ఒకే పేరాలో రాయగలగాలి. నువ్వు మొదటి మాట రాసి రెండోదాన్ని మింగేశావు, బహుశా అభిమానుల మనసు నొప్పించకూడదన్న మంచితనంతో. అయితే నొప్పించకుండా రాసిన మెచ్చుకోలును బొమ్మ వేసినవారు కూడా నమ్మరు.

ఇక మూడో బొమ్మ. హైదరాబాదు అమ్మాయి వేసిందని రాశావు. దాని గురించి నీ వ్యాసంలో ఉన్నది ఒకే వాక్యం, "తల్లీబిడ్డల అనుబంధాన్ని చక్కగా చూపింది" అని. ఈ బొమ్మను నేను బల్ల మీద నుంచి తీయలేకపోతున్నాను. డయానా తల్లి, అమెజాన్ల రాణి హిప్పొలిటా నేల మీద గొంతుక్కూర్చుని ఉంది, మోచేతుల దాకా తడిమట్టి, కిరీటం పక్కన నేల మీదే పెట్టి ఉంది. మట్టితో చేస్తున్న బిడ్డ ముఖం పూర్తయింది, ఒక పాదం మాత్రం ఇంకా ముద్దగానే ఉంది. 1942 నాటి కథలో బిడ్డను మలిచింది హిప్పొలిటా, ప్రాణం పోసింది దేవత. ఈ బొమ్మలో దేవతలెవరూ లేరు, ఆకాశమే లేదు, బొమ్మ అంచు తల్లి తల దగ్గర ఆగిపోయింది. పైగా 2011 తర్వాతి కథల్లో డయానా మట్టిబిడ్డ అన్నది కట్టుకథ అనీ, ఆమె తండ్రి గ్రీకు దేవతల రాజు జ్యూస్ అనీ మార్చేశారు, 2017 సినిమా కూడా ఆ దారినే పట్టింది. ఆ మార్పు ఎందరో పాఠకులను బాధపెట్టింది, తండ్రి లేకుండా స్త్రీల నడుమ పుట్టిన బిడ్డ అన్న భావమే ఆ పాత్రకు ప్రాణమని వారి నమ్మకం. అది తెలిసిన చేయి ఈనాడు మళ్లీ మట్టిని గీసిందంటే, ఆ అమ్మాయి వాదనలో ఒక పక్షాన నిలబడింది. అంతేకాదు, ఏటా వినాయక చవితి నాడు పార్వతి నలుగుపిండితో బిడ్డను చేసి ప్రాణం పోసిన కథ వింటూ పెరిగిన పిల్లకు, తండ్రి ప్రమేయం లేకుండా తల్లి చేతుల్లో రూపుదిద్దుకున్న బిడ్డ వింతగా తోచదు. ఆ గొంతుక్కూర్చున్న తీరు గ్రీకు శిల్పాల్లోది కాదు, మన పెరళ్లలోది. ఇదంతా ఆ అమ్మాయి కావాలని చేసిందో, చేతికి అలవాటుగా వచ్చిందో నువ్వు అడిగి తెలుసుకోవాలి.

అడిగేటప్పుడు "మీకు స్ఫూర్తి ఎవరు" అని అడగకు, దానికి అందరూ ఒకే జవాబు చెబుతారు. ఆ పాదం ఎందుకు అసంపూర్తిగా వదిలిందో, కిరీటం నేల మీద ఎందుకు పెట్టిందో అడుగు. పెన్సిలా, సిరానా, టాబ్లెటా, ఎంత సైజు కాగితమో కనుక్కొని రాయి, ఎందుకంటే అరచేతి ఫోనులో చూసిన బొమ్మా గోడంత బొమ్మా పాఠకుడి ఊహలో ఒక్కటి కాకూడదు. చిత్రకారులు తమ పేరును ఎలా సంతకం చేసుకుంటారో అలాగే రాయి, అచ్చువేయడానికి ముందు అనుమతి తీసుకో. నీ వ్యాసంలో డయానా జీవితకథ సగానికి పైగా ఆక్రమించుకుంది, బొమ్మకు అవసరమైనంత మాత్రమే ఉంచి మిగతాది కొట్టివేయి. మొదటి, చివరి బొమ్మలను ఈసారికి పక్కన పెట్టి, మూడో బొమ్మతో మొదలుపెట్టి మిగిలిన రెండింటినీ దాని వెనక నడిపించు. తిరిగి రాసిన ప్రతిని నాకు పంపే ముందు ఆ హైదరాబాదు అమ్మాయికి పంపు. తన బొమ్మలో ఉన్నదాన్ని నువ్వు చూశావో లేదో మొదట చెప్పవలసినది ఆమె. ఆమె జవాబుతో కలిపి నాకు పంపితే, వాక్యాల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

శుభాకాంక్షలతో,
నీ మాస్టారు