సర్పి మానినా మంట పోలేదా? సెట్టు మాత్రలతో జాగ్రత్త

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. నాలుగు నెలల కిందట కుడివైపు వీపు నుంచి ఛాతీ వరకు సర్పి లేచింది. ఆకుపసరు రాశాం, పొక్కులు మాడిపోయాయి. మంట మాత్రం పోలేదు, బనీను తగిలినా ఓర్చుకోలేరు. మెడికల్ షాపులో ఇచ్చే సెట్టు వేస్తే రెండు రోజులు బాగుంటారు. మచ్చలకు ఏ క్రీమ్ రాయాలి? చేపలు, వంకాయ పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: మచ్చల సంగతి తర్వాత. ముందు ఆ సెట్టు గురించి చెప్పాలి. కాగితంలో చుట్టి ఇచ్చే ఆ విడి మాత్రల్లో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రతో పాటు ఒక చిన్న మాత్ర కనిపిస్తే, అది స్టెరాయిడ్ కావచ్చు. ఒకటి కిడ్నీలకు చేటు, రెండోది షుగర్‌ను పెంచేస్తుంది. పోనీ నరాల మంట తగ్గుతుందా అంటే అదీ లేదు. అలాగని వారాల తరబడి రోజూ వేస్తుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా మానిపించకండి, బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. మిగిలిన మాత్రలు కాగితంతో సహా డాక్టర్‌కు చూపించండి. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) చేయించండి.

సర్పి (హెర్పిస్ జోస్టర్) వైరస్ వల్ల వస్తుంది. పొక్కులు లేచిన 72 గంటల్లోపు ఆ వైరస్‌ను అణిచే మందు మొదలుపెట్టాల్సింది. ఆ సమయం పసరుతోనే గడిచిపోయింది. ఇంట్లో ఇంకెవరికైనా వస్తే ఇలా చేయకండమ్మా. ఇప్పుడు ఆ మందుతో ఉపయోగం లేదు. మూడు నెలలు దాటినా మంట ఉందంటే, వైరస్ దెబ్బతీసిన నరం ఇంకా కోలుకోలేదన్నమాట. దీనికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి ఇస్తారు. గాబాపెంటిన్ సాధారణంగా రాత్రిపూట 300 ఎంజీతో మొదలుపెట్టి, కిడ్నీ పరీక్ష చూసి మెల్లగా పెంచుతారు. రెండు రోజులు వేసి గుణం లేదని మానేస్తే లాభం లేదు, సరైన డోసుకు చేరాక కొన్ని వారాలు చూడాలి. మొదట్లో మత్తు, తూలు ఉంటాయి. బండి తోలనివ్వకండి, చీకటి పడ్డాక కాలవగట్టు మీదికి ఒంటరిగా పంపకండి. బాగా నెమ్మదించాక కూడా డోసు తగ్గిస్తూనే ఆపాలి.

మంటకు వేడి కాపడం పెట్టకండి. అక్కడ స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు, షుగర్ ఉన్నవారికి ఆ పుండు ఓ పట్టాన మానదు. చల్లటి తడిగుడ్డ, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు బనీను మేలు.

మచ్చలు నెలల మీద పలచబడతాయి, కొన్ని మిగిలిపోవచ్చు. స్టెరాయిడ్ క్రీములు వద్దు. చేపలు, వంకాయ నిరభ్యంతరంగా పెట్టండి. పత్యమని చారన్నంతో సరిపెడితే షుగర్ పెరుగుతుంది, ఒంట్లో సత్తువ ఉండదు.

ఒక్క మాట. నడిచినప్పుడు ఛాతీ బిగపట్టినా, చెమటలు పోసినా అది సర్పి మంటే అనుకోకండి, వెంటనే ఈసీజీ తీయించండి. కొత్త పొక్కులు లేచినా, నిద్ర లేక దిగులుగా ఉంటున్నా ఆలస్యం చేయకండి. మళ్లీ రాకుండా 50 ఏళ్లు దాటినవారికి రెండు డోసుల టీకా ఉంది. నాన్నగారికి ఎప్పుడు వేయించవచ్చో, చూసే డాక్టర్‌నే అడగండి.