నెలలో 15 రోజులు అక్కడ, 15 రోజులు ఇక్కడ.. ఆటిజం ఉన్న బాబుకు కుదురుతుందా?

ప్రశ్న: మాది హన్మకొండ. బాబుకు 7 ఏళ్లు. ఆటిజం ఉంది, మాటలు రాలేదు. ఫిట్స్‌కు రోజూ రెండు పూటలా మందు వేస్తున్నాం. ఏడాదిగా నేను తల్లిగారింట్లో ఉంటున్నాను. ఆయన కరీంనగర్‌లో ఉంటారు. విడాకులకు ఇద్దరం ఒప్పుకున్నాం. బాబు నెలకు 15 రోజులు నా దగ్గర, 15 రోజులు ఆయన దగ్గర ఉండాలని పెద్దమనుషులు పంచాయితీలో చెప్పారు. అక్కడికి వెళ్లొచ్చిన ప్రతిసారీ నాలుగైదు రోజులు నిద్రపోడు, చెయ్యి కొరుక్కుంటాడు. తండ్రి దగ్గరికి పంపొద్దని డాక్టర్ సర్టిఫికెట్ తీసుకుని కోర్టులో పెట్టొచ్చా?

సమాధానం: అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. కానీ చెయ్యి కొరుక్కుంటున్నాడన్న ఒక్క కారణంతో తండ్రి దగ్గర బాబుకు హాని జరుగుతోందని ఏ డాక్టరూ రాసివ్వకూడదు. ఆటిజం ఉన్న పిల్లలకు ఇల్లు మారడమే పెద్ద కష్టం. పడుకునే చోటు, ఫ్యాన్ చప్పుడు, అన్నం తినే పళ్లెం, స్నానం చేయించే వేళ అన్నీ ఒకేసారి మారిపోతాయి. మాటలు రాని పిల్లవాడు ఆ ఇబ్బందిని ఒంటితోనే చెప్పుకుంటాడు. ఇక్కడి నుంచి వెళ్లాక కరీంనగర్‌లో కూడా మొదటి రెండు మూడు రోజులు ఇలాగే చేస్తున్నాడేమో ఆయన్ని అడగండి. అక్కడా అదే జరుగుతుంటే, బాబును కుదిపేస్తున్నది ఈ రాకపోకలే.

అయితే అదే కారణమని తేల్చేముందు కొన్ని చూడాలి. అన్నిటికన్నా ముందు ఫిట్స్ మందు. ఆ ఇంట్లో ఒక్క పూట తప్పినా ఫిట్స్ రావచ్చు, నిద్ర చెడవచ్చు. సీసా లేదా మాత్రల అట్ట బాబుతో పాటు వెళ్లి, బాబుతో పాటే తిరిగి రావాలి. ఏ పూట ఎంత వేశారో ఒక చిన్న నోట్‌బుక్‌లో ఇద్దరూ రాయాలి. పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం ఉన్నా ఇలాంటి పిల్లలు కొరుక్కుంటారు, తల బాదుకుంటారు. డాక్టర్‌కు చూపించండి. ఒంటి మీద కారణం తెలియని దెబ్బలు కనిపించినా, ఒక మనిషిని చూడగానే వణికిపోతున్నా ఆలస్యం చేయొద్దు. అప్పుడు డాక్టర్ పరీక్ష చేసి రాసేది నిజమైన సాక్ష్యం అవుతుంది. పిల్లల సహాయానికి 1098 నంబర్ కూడా ఉంది.

ఇక 15 రోజుల లెక్క. పెద్దమనుషులు ఇద్దరికీ న్యాయం చేయాలనుకున్నారు, సందేహం లేదు. కానీ వాళ్లు పంచింది రోజులు. మీ బాబు విషయంలో పంచుకోవాల్సింది పని. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ప్రతి వారం ఆగకుండా సాగితేనే ఫలితం ఉంటుంది. నెలలో సగం రోజులు బడి ఒక ఊళ్లో, సగం రోజులు ఇంకో ఊళ్లో అంటే నేర్చుకున్నది నిలవదు. నా సలహా ఏమిటంటే, బడి నడిచే రోజుల్లో రాత్రి పడక ఒకే ఇంట్లో ఉండాలి. ఏడాదిగా మీ దగ్గర ఉంటున్నాడు కాబట్టి అది మీ ఇల్లే కావచ్చు.

అలాగని తండ్రిని చుట్టంలా వచ్చిపోయే మనిషిని చేయకండి. వారంలో ఒక థెరపీ రోజు ఆయనది కావాలి. ఆ రోజు హన్మకొండకు వచ్చి ఆయనే తీసుకెళ్లాలి, థెరపిస్ట్ చెప్పేది ఆయనే వినాలి, సాయంత్రం అన్నం ఆయనే తినిపించాలి. ఫిట్స్ వస్తే బాబును ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, చేతిలో తాళం చెవులు పెట్టడం వల్ల ఉపయోగం లేదని, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని ఆయనకూ, ఇంట్లో నానమ్మకూ తెలిసి ఉండాలి. ఇది వచ్చాక సెలవుల్లో ముందు ఒక రాత్రి, అలవాటయ్యాక రెండు రాత్రులు కరీంనగర్‌కు పంపండి. పంపే ముందు ఆ ఇంటి ఫొటోలు రోజూ చూపించండి. ఇక్కడ గోడకు అంటించిన బొమ్మల టైం టేబుల్ అక్కడా ఉండాలి. దసరా, బతుకమ్మ రోజుల్లో డీజే చప్పుడు మధ్య మొదటిసారి పంపడం మాత్రం వద్దు.

కోర్టు సంగతి వకీలే వివరంగా చెప్పాలి. కస్టడీ కేసులో జడ్జి మొదట చూసేది పిల్లవాడి క్షేమం, పంచాయితీ కాగితం కాదు. ఫీజు పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. పిటిషన్‌లో థెరపీ, మందులు, స్కానింగ్‌ల ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలో విడిగా రాయించుకోండి. చాలామంది 18 ఏళ్ల వరకే అని రాసుకుని సంతకం పెట్టేస్తారు. వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని బిడ్డకు 18 దాటినా భరణం అడిగే హక్కు చట్టంలో ఉంది. కస్టడీ మాత్రం 18తో ముగుస్తుంది. ఆ తర్వాత అవసరమైతే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి దరఖాస్తు చేసి బాబుకు గార్డియన్‌ను నియమించమని అడగాలి. అదే ట్రస్ట్ నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు కవరేజీ ఉంది, థెరపీలు కూడా అందులో వస్తాయి. సదరం సర్టిఫికెట్ అసలు కాపీ ఎవరి దగ్గర ఉండాలి, దాని మీద వచ్చే పింఛన్ ఎవరి చేతికి వెళ్లాలి అన్నవి కూడా ఇప్పుడే తేల్చుకోండి. వీటి మీద గొడవలై థెరపీ ఆగిపోయిన పిల్లలను చూస్తే గుండె తరుక్కుపోతుంది.

డాక్టర్ దగ్గర తీసుకోవాల్సింది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, బాబు అవసరాల రిపోర్ట్. ఏ మందు ఏ వేళకు, వారానికి ఎన్ని థెరపీలు, ఏ పనికి పక్కన మనిషి కావాలి, మార్పుకు ఎలా స్పందిస్తున్నాడు, చప్పుళ్లను ఎంత ఓర్చుకుంటాడు అన్నవి అందులో ఉండాలి. ఎంజీఎం లాంటి ప్రభుత్వ దవాఖానలోని పిల్లల విభాగంలో అడగవచ్చు, సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో అసెస్‌మెంట్ కూడా చేయించవచ్చు. మందుల చీటీలు, ఆ నోట్‌బుక్, బాబు చెయ్యి కొరుక్కుంటున్నప్పుడు తీసిన వీడియో వెంట తీసుకెళ్లండి. వీలైతే ఆయన్నీ రమ్మనండి. ఎదురెదురుగా కూర్చోలేమంటే ఇద్దరికీ వేర్వేరు టైములు ఇవ్వమని డాక్టర్‌ను అడగండి.