అవసరానికి చేసుకున్న పెళ్లిలో నిజంగా ప్రేమ పుడుతుందా? మాది స్పౌజ్ పాయింట్ల పెళ్లి

"ఏదో అవసరం కోసం పెళ్లి చేసుకుని తర్వాత నిజంగా ప్రేమలో పడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా, సినిమాల్లో కాకుండా?" అని అడిగారు. ఉన్నాం. నేనూ మా సార్. సార్ అంటే మా ఆయనే, ఇద్దరం గవర్నమెంట్ టీచర్లం, ఇప్పటికీ ఇంట్లో ఆయన నన్ను మేడం అంటాడు నేను సార్ అంటా, పక్కింటావిడ మొదట్లో మేం అద్దె పంచుకుంటున్న కొలీగ్స్ అనుకుందట. ఒక రకంగా కరెక్టే అనుకుంది.

అయినా అవసరం లేని పెళ్లి ఎక్కడుందండీ? పెళ్లిచూపుల్లో జీతమెంత, సొంతిల్లుందా, ఆడపడుచులెంతమంది అని అడిగేవన్నీ ఏంటి మరి, కవిత్వమా? మిగతావాళ్లు మనసులో పెట్టుకుంటారు, మేం కాగితం మీద రాసుకున్నాం. అంతే తేడా.

నేను 2012 డీఎస్సీలో, అంటే టీచర్ల నియామక పరీక్షలో, సెలెక్టయిన ఎస్జీటీని, చిన్న తరగతులకి చెప్పే టీచర్ని. సొంతూరు ఒంగోలు, పోస్టింగేమో కనిగిరి అవతల సి.ఎస్.పురం మండలంలో. ఆ వైపు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఫ్లోరైడ్ నీళ్లు, ఎండ, సాయంత్రం బస్సు తప్పిపోతే ఇక ఏ బండివాడి దయో. వారమంతా కనిగిరిలో రూము, శనివారం బస్సెక్కితే రాత్రికి ఒంగోలు. నాన్న లేడు. 2018లో అమ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. అన్నయ్యా వదినా చూశారు, చూశారనే చెప్పాలి, కానీ నేను వెళ్లిన ప్రతి ఆదివారం వదిన గిన్నెలు పెట్టే చప్పుడుకి నాకు అర్థమయ్యేది. అప్పటికి నాకు ముప్పై అయిదు. సంబంధాలు రావడం ఆగిపోయి చాలా రోజులైంది.

ట్రాన్స్‌ఫర్లలో ఎవరికి పాయింట్లెక్కువుంటే వాళ్లకి ముందు అవకాశం, అందులో స్పౌజ్ పాయింట్లని ఒకటుంటుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులైతే దగ్గరికి రావడానికి అదనంగా కొన్ని పాయింట్లిస్తారు, ఇద్దరిలో ఒకరే వాడుకోవాలి, వాడుకున్నట్టు సర్వీసు రిజిస్టర్లో ఎంట్రీ వేస్తారు. మా యూనియన్ పెద్దాయన ఒకరు సరదాకి "అమ్మా, నీకు మొగుడు కాదు, పాయింట్లు కావాలి" అన్నారు. ఆయనే తర్వాత సంబంధం తెచ్చారు. టంగుటూరు వైపు హైస్కూల్లో లెక్కల సారు, విడాకులైనాయి, పిల్లల్లేరు. ఒంగోల్లో స్థలం ఉంది, ఇల్లు కట్టాలి, ఒక్క జీతం మీద బ్యాంకువాళ్లు ఇస్తామన్న లోను చాలట్లేదు. రెండు జీతాలు కలిపితే సరిపోతుంది. అంటే నాకు పాయింట్లు, ఆయనకి లోను. హోటల్లో కూర్చుని కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడుకుని ఒక లాంగ్‌బుక్ పేజీ మీద రాసుకున్నాం: అమ్మ మాతోనే ఉంటుంది, ఈఎంఐ సగం సగం, గదులు వేరు, ఒకరి విషయాల్లో ఒకరు తలదూర్చకూడదు. 2020 ఫిబ్రవరిలో గుళ్లో పెళ్లి. ట్రాన్స్‌ఫర్లు అయ్యేదాకా నేను కనిగిరిలో, ఆయన ఒంగోల్లో అని ప్లాను.

ప్లాను నెల రోజులు నిలబడింది. కరోనాకి స్కూళ్లు మూశారని ఒంగోలు వచ్చా, సరిగ్గా ఉగాది రోజు నుంచి లాక్‌డౌన్. రెండు గదుల అద్దిల్లు, అమ్మ, నేను, పరిచయం లేని మొగుడు.

ఫిజియోథెరపీ అబ్బాయి రావడం మానేశాడు. నాలుగు రోజులు చూసి ఈయన ఫోన్లో వీడియో పెట్టుకుని తనే మొదలుపెట్టాడు, అమ్మ కాలు పైకెత్తడం దించడం. లెక్కల మేష్టారు కదా, ఒకటి రెండు అని లెక్కపెట్టడు, ఎక్కాలు చెప్పిస్తాడు. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది, పాతకాలం చదువు, పదమూడో ఎక్కం దాకా ఇప్పటికీ కొట్టినపిండే. ఒక రోజు నేను వంటింట్లో ఉన్నా, ఈయన "పదమూడెనిమిదులు?" అన్నాడు, లోపల్నుంచి అమ్మ గొంతు, "నూట నాలుగు" అని. రెండేళ్లుగా ఊఁ ఆఁ తప్ప మాట లేని మనిషి. నేను గరిటె పట్టుకునే పరిగెత్తా. ఈయన మాత్రం తల కూడా ఎత్తకుండా "పదమూడు తొమ్మిదులు?" అంటున్నాడు.

ప్రేమ అప్పుడే పుట్టిందా అంటే లేదు. అప్పుడు కృతజ్ఞత అంతే. పైగా ఆ వారమే పోట్లాడుకున్నాం, ఆయన ప్రతి కూరలోనూ పెరుగు కలిపేస్తాడు, గంటసేపు నిలబడి చేసిన గుత్తొంకాయలో కూడా. అడిగితే "ఒప్పందంలో లేదు కదా మేడం" అన్నాడు. మూడు రోజులు మాట్లాడలేదు.

వేసవిలో వస్తాయనుకున్న ట్రాన్స్‌ఫర్లు అక్టోబర్లో వచ్చాయి, వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన స్కూళ్ల లిస్టు ఆన్‌లైన్లో, పెట్టేసరికి డిసెంబర్. దీని గురించి కాస్త చెప్పుకోనివ్వండి. ఎస్జీటీలంటే వందల స్కూళ్లు, అన్నీ ఒక వరసలో పెట్టాలి, సర్వరేమో పగలు అసలు తెరుచుకోదు, మాన్యువల్ కౌన్సెలింగ్ పెట్టండి, ఎదురుగా పిలిచి స్కూలు ఎంచుకోనివ్వండి బాబూ అని టీచర్లు రోడ్లెక్కినా వినలేదు. (ఆ తర్వాత బాత్‌రూముల ఫోటోలు అప్‌లోడ్ చేయమన్నారు, 2022లో మా ఫోన్లో మా మొహం మేమే చూపించి హాజరు వేసుకోమన్నారు, పాఠం ఎప్పుడు చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. సరే వదిలేయండి.)

ఆప్షన్లు పెట్టాల్సిన రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ ముందు కూర్చున్నా, ఏ ఊరు ముందు పెట్టాలో తెలీక ఏడుపొక్కటే తక్కువ. ఈయన లోపలికెళ్లి ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ తెచ్చి పక్కన పెట్టాడు. నవంబర్లో ఆదివారాలు బండేసుకుని ఎక్కడికో పోయేవాడు, తలదూర్చకూడదని రాసుకున్నాం కాబట్టి నేను అడగలేదు. స్కూళ్లు చూడ్డానికి పోయాడట! ఒంగోలు చుట్టుపక్కల ఖాళీ వస్తుందనుకున్న ప్రతి ఊరికీ ఒక పేజీ. "బస్సు 8.10, దిగాక కిలోమీటరున్నర నడక, కుక్కలు." "బాత్‌రూం ఉంది, గడియ లేదు." "హెచ్చెమ్ పెద్దావిడ, మంచిదంటున్నారు." ప్రతి పేజీ కింద ఎర్ర పెన్నుతో ఇంకో లైను, సాయంత్రం బయల్దేరితే ఇల్లు చేరే టైము, దాని పక్కన "అమ్మ టాబ్లెట్ 5.30, అందుతుంది" లేదా "అందదు". 'మీ అమ్మ' అని కూడా రాయలేదు, ఉత్త 'అమ్మ'.

నేను ఆ పేజీలు తిప్పుతూనే ఉన్నా. "మేడం, సెషన్ పోతుంది, ఎంటర్ చేయండి" అంటాడు. మీరు అడిగిన ప్రేమ నా మటుకు అక్కడ పుట్టింది, తెల్లవారుజామున మూడింటికి, సర్వర్ తిరుగుతూ ఉండగా, ఆ "అందదు" అన్న మాట దగ్గర.

తర్వాత జరిగింది వినండి. ఆ స్కూల్లో ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి ఆయన కూడా ట్రాన్స్‌ఫర్ తప్పనిసరి లిస్టులో ఉన్నాడు. ఆ స్పౌజ్ పాయింట్లు ఆయనే వాడుకుంటే ఒంగోలు పక్కనే ఉండిపోయేవాడు. నాతో ఒక్క ముక్క అనలేదు. నేను ఒంగోలుకి పన్నెండు కిలోమీటర్ల దూరంలోకి వచ్చా, ఆయన పొదిలి అవతలకి పోయాడు. భర్తకి దగ్గరగా రావడానికి ఇచ్చే పాయింట్లతో నేను వచ్చేసరికి భర్తే అక్కడ లేడు! రెండేళ్లకి పైగా ఆయన పొద్దున్నే చీమకుర్తి గ్రానైట్ లారీల మధ్య బండి మీద పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు, నేను వరండాలో కూర్చుని ప్రతి బండి చప్పుడూ వినేదాన్ని. గదులు వేరు అన్న రూలు ఎప్పుడు పోయిందో అది మాత్రం ఇక్కడ రాయను.

2022లో అమ్మ పోయింది. తలకొరివి అన్నయ్య పెట్టాడు, ఈయన మాత్రం పదకొండు రోజులూ పెరుగు ముట్టలేదు. ఎందుకు సార్ అంటే "ఏమో, తినబుద్ధి కాలేదు" అన్నాడు.

2023 ట్రాన్స్‌ఫర్లలో నేను రిక్వెస్ట్ పెట్టుకుని పొదిలి వైపు వెళ్లిపోయా. ఒంగోలు పక్క స్కూలు వదులుకుని అంత దూరం పోతున్నావా, పిచ్చా అని స్టాఫ్‌రూంలో అందరూ తిట్టారు. ప్రేమ పెళ్లి చేసుకున్న మా కొలీగ్ ఒకావిడ అందరికన్నా గట్టిగా తిట్టింది, ఆవిడ మొగుడు మూడేళ్లుగా వేరే జిల్లాలో ఉన్నాడు, ఎన్నడూ బెంగపడినట్టు చూళ్లేదు. మాలాంటి అవసరం పెళ్లిళ్లే గట్టివని నేనంటే మాత్రం ఒప్పుకోరు.

ఇప్పుడు పొదిలిలో అద్దెకుంటున్నాం. ఆ లోనుతో కట్టిన ఒంగోలు ఇంట్లో ఎవరో అద్దెకుంటున్నారు, మొన్న వానకి స్లాబ్ కారుతోందని ఫోన్ చేశారు. ఈఎంఐ ఇంకా పదకొండేళ్లుంది. ఆదివారం ఇద్దరం పోయి చూసి రావాలి.