సందేహాలు – సమాధానాలు: ఎంజైములు మూత్రంలోనివా, మూత్రంలోకి వచ్చేవా?

సందేహం: ‘మధుమేహం మూత్రంలోని ఎంజైములపై ప్రభావం చూపుతుంది’ అని ఓ ఆరోగ్య కరపత్రంలో చదివాను. షుగరు ఎంజైములను పాడుచేస్తుందనా దీనర్థం? ఎంజైమును ‘కిణ్వం’ అనకూడదా?
– ఒక పాఠకురాలు, సూర్యారావుపేట, విజయవాడ

సమాధానం: మీకు అలా అర్థమైతే తప్పు ఆ వాక్యానిదేనమ్మా. ‘లోని’ అనగానే ఆ వస్తువు అక్కడిదే అనిపిస్తుంది. ఏలూరు కాలవలోని చేప అంటాం. వంతెన మీంచి చెప్పు జారితే మాత్రం ‘కాలవలో పడ్డ చెప్పు’ అంటాం, ‘కాలవలోని చెప్పు’ అనం.

ఎంజైములంటే ఒంట్లో రసాయన చర్యల్ని వేగంగా జరిపించే ప్రొటీన్లు. మూత్రంలో కనిపించేవి చాలావరకు చెప్పు బాపతే. ఎన్.ఎ.జి. అనే ఎంజైమును చూడండి. కిడ్నీలో వడపోత అయ్యాక ఆ ద్రవం సన్నటి గొట్టాల గుండా సాగుతుంది. ఈ ఎంజైము ఆ గొట్టాల గోడల కణాల్లో ఉంటుంది. అణువు పెద్దది కాబట్టి రక్తంలో ఉన్నది మామూలుగా వడపోత దాటి రాదు. ఆరోగ్యవంతుల మూత్రంలోనూ కాస్త కనిపిస్తుంది గానీ, బాగా పెరిగితే గొట్టాల కణాలు దెబ్బతింటున్నాయేమోనని అనుమానిస్తారు. కొందరు షుగరు పేషెంట్లలో, రక్తంలో ఉండే ఆల్బుమిన్ మూత్రంలో పోవడం మొదలవక ముందే ఇది పెరుగుతుంది. (ఆల్బుమిన్ ప్రొటీనే గానీ ఎంజైము కాదు. రెంటినీ ఒకే గాట కట్టే రాతలు తరచూ కనిపిస్తున్నాయి.)

అంటే దెబ్బ తగిలేది కిడ్నీకి. ‘ఎంజైములపై ప్రభావం’ అనేసరికి అసలు బాధితురాలు వాక్యంలోంచే మాయమైంది. ‘షుగరు వల్ల కిడ్నీ కణాలు దెబ్బతింటే, వాటిలోని ఎంజైములు మూత్రంలోకి ఎక్కువగా వస్తాయి’ అని రాస్తే సరిపోయేది. ‘లోని’ కూడా తన చోట తాను కూర్చుంది, చూశారా!

ఇక కిణ్వం. సంస్కృతంలో అది సారా కాయడానికి వేసే, పులియబెట్టే మందు. జర్మన్ శాస్త్రవేత్త కూనే 1870ల్లో ‘ఎంజైమ్’ అనే పేరు పెట్టిందీ ‘ఈస్టులో ఉన్నది’ అనే గ్రీకు అర్థంతోనే. అనువాదం నిక్షేపంగా కుదిరింది. కానీ మన పాఠ్యపుస్తకాల్లో ‘కిణ్వనం’ అంటే పులియడం. ‘మూత్రంలో కిణ్వాలు’ అంటే మూత్రం పులిసిందనుకుంటారు. ఎంజైము, ఎంజైములు అని ఉకారాంతంగా రాయండి, విభక్తులు ఇబ్బంది లేకుండా చేరతాయి.

మీరు అడగలేదు గానీ, ఇలాంటి కరపత్రాల్లో ‘విసర్జించబడుచున్నవి’ అనేదొకటి తప్పక ఉంటుంది. ల్యాబు దగ్గర ఎవరూ అలా అనరు. మూత్రంలో షుగరు పడుతోంది, ఆల్బుమిన్ పోతోంది అంటారు. ఎంజైముకూ ఆ ‘పోతోంది’ చాలు.