జాబిక్స్ 5.0 నుంచి 6.0కి మార్చాక సర్వర్ లేవట్లేదు, లాగ్‌లో ‘డూప్లికేట్ కాలమ్’ అంటోంది

ముందు ఆ రీస్టార్ట్ కొట్టడం ఆపండి. మిగతాది తర్వాత చూద్దాం.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: మైఎస్‌క్యూఎల్ 8.0 (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) మీద జాబిక్స్ 5.0 (సర్వర్లు, నెట్‌వర్క్ సరిగా నడుస్తున్నాయో లేదో గమనించే సాఫ్ట్‌వేర్) నడుస్తుండేది. ప్యాకేజీలు 6.0కి మార్చారు. వెబ్ పేజీ తెరిస్తే ‘డేటాబేస్ వెర్షన్ సరిపోవడం లేదు’ అంటోంది, సర్వీస్ స్టేటస్ మాత్రం ‘యాక్టివ్’ అని పచ్చగా చూపిస్తోంది. మూడుసార్లు రీస్టార్ట్ చేశాక లాగ్‌లో 1060 ఎర్రర్, ‘డూప్లికేట్ కాలమ్ నేమ్’ అని మొదలైంది. పాత ప్యాకేజీలు మళ్లీ వేసేస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. సర్వర్ మొదటిసారి లేచినప్పుడే డేటాబేస్‌ను మార్చడం మొదలుపెట్టేసింది. ఇప్పుడు పాత 5.0 సర్వర్‌ను తెచ్చి పెడితే, డేటాబేస్ తనకంటే కొత్తదని చూసి అది కూడా లేవనంటుంది. వెనక్కి వెళ్లాలంటే పాత ప్యాకేజీలతో పాటు పాత డేటాబేస్ బ్యాకప్ కూడా ఉండాలి. అది ఉంటే మీరు ఇక్కడ ప్రశ్న అడిగేవారు కాదనుకుంటా.

నాకూ అచ్చం ఇలాగే అయింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నా తొందరదే. రాత్రి పదకొండుకు మొదలుపెట్టాను. లాగ్‌లో ‘స్టార్టింగ్ ఆటోమేటిక్ డేటాబేస్ అప్‌గ్రేడ్’ అని వచ్చింది, శాతాలు గబగబా పెరిగాయి, 41 దగ్గర ఆగింది. పది నిమిషాలు చూశాను, ఇరవై నిమిషాలు చూశాను, కదల్లేదు. హ్యాంగ్ అయిందని తీర్మానించుకుని స్టాప్ కొట్టాను, టెర్మినల్ తిరిగి రాలేదు. విసుగొచ్చి కిల్ మైనస్ 9 (ప్రాసెస్‌ను బలవంతంగా చంపే ఆదేశం) కొట్టాను. మళ్లీ స్టార్ట్ చేశాను. అంతే, 1060.

జరిగిందేమిటో మర్నాడు గానీ బుర్రకెక్కలేదు. అప్‌గ్రేడ్ అంటే ఒక పెద్ద మార్పు కాదు, వరసగా నడిచే చిన్న చిన్న ప్యాచ్‌లు. ఒక ప్యాచ్ అయిపోగానే డీబీవెర్షన్ అనే టేబుల్‌లో ఒక సంఖ్య పెరుగుతుంది. నేను చంపింది జాబిక్స్ ప్రాసెస్‌ను. అది అప్పటికే మైఎస్‌క్యూఎల్‌కు ‘ఈ టేబుల్‌కు ఈ కాలమ్ చేర్చు’ అని ఆల్టర్ ఆదేశం పంపేసింది. అడిగినవాడు పోయినా మైఎస్‌క్యూఎల్ తన పని తాను పూర్తి చేసింది. కాలమ్ చేరింది, సంఖ్య మాత్రం పెరగలేదు. మళ్లీ లేచిన సర్వర్ ఆ సంఖ్యను చూసి అదే ప్యాచ్ మళ్లీ మొదలుపెట్టింది, కాలమ్ ఉండనే ఉంది కాబట్టి చతికిలబడింది. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో అయితే ఇలాంటి మార్పులు ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే కట్టలో) ఉంటాయి కాబట్టి మధ్యలో ఆగినా వెనక్కి తిరుగుతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ఆ సౌకర్యం లేదు.

ఇంకో మోసం ఆ పచ్చ రంగు. జాబిక్స్ సర్వర్ సర్వీస్ ఫైల్‌లో ‘ఫెయిలైతే పది సెకన్లకు మళ్లీ లేపు’ అని ఉంటుంది. మీరు స్టేటస్ చూసిన క్షణంలో అది బతికే ఉంటుంది. ‘యాక్టివ్’ పక్కన ఎంతసేపటి నుంచో చూడండి. ప్రతిసారీ నాలుగైదు సెకన్లే కనిపిస్తే అది నడవడం కాదు, పడుతూ లేస్తూ ఉండడం. ఈ పడిలేవడాల వల్ల లాగ్ చివర చూస్తే ఒకే ఎర్రర్ వందసార్లు కనబడుతుంది, అసలు జబ్బు ఎక్కడో పైన మునిగిపోతుంది. అందుకే లాగ్‌ను కింద నుంచి కాదు, ప్యాకేజీలు మార్చిన తర్వాత మొదటిసారి ‘స్టార్టింగ్ జాబిక్స్ సర్వర్’ అన్న చోటి నుంచి చదవండి.

అక్కడ మీకు బహుశా రెండింటిలో ఒకటి కనిపిస్తుంది.

ఒకటి, నాలాగే శాతం ఆగినచోట మీరు రీస్టార్ట్ చేసి ఉండటం. రెండోది 1419 ఎర్రర్, ‘సూపర్ ప్రివిలేజ్ లేదు, బైనరీ లాగింగ్ ఆన్‌లో ఉంది’ అని. మైఎస్‌క్యూఎల్ 8.0లో బైనరీ లాగ్ (డేటాబేస్‌లో జరిగే మార్పుల రికార్డు) మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. కొత్త 6.0 విడుదలల్లో అప్‌గ్రేడ్ డేటాబేస్‌లో ట్రిగ్గర్లు (టేబుల్ మారగానే తమంతట తాము నడిచే ఆదేశాలు) సృష్టిస్తుంది, మామూలు యూజర్‌కు ఆ అనుమతి ఉండదు. మందు చిన్నదే: రూట్‌గా లాగినై, లాగ్ బిన్ ట్రస్ట్ ఫంక్షన్ క్రియేటర్స్ అనే గ్లోబల్ వేరియబుల్‌ను 1 చేయండి (పదాల మధ్య అండర్‌స్కోర్లు). అప్‌గ్రేడ్ అయిపోయాక మళ్లీ 0 చేయడం మర్చిపోకండి. నేను మర్చిపోయాను, ఆరు నెలల తర్వాత ఎవరో ఆడిట్‌లో పట్టుకున్నారు.

ఇక 1060 సంగతి. నేను చేసింది చెప్తాను. సర్వర్ సర్వీస్‌ను ఆపాను. మైఎస్‌క్యూఎల్‌లో ప్రాసెస్‌లిస్ట్ (అప్పుడు నడుస్తున్న ఆదేశాల జాబితా) చూసి ఏ ఆల్టరూ నడవడం లేదని రూఢి చేసుకున్నాను. నడుస్తుంటే దాన్ని ముగియనివ్వాలి. తర్వాత ఉన్నది ఉన్నట్టుగా డంప్ (డేటాబేస్ కాపీ) తీశాను. చెడిన డేటాబేస్‌కు బ్యాకప్ ఎందుకని అనుకోవద్దు, ఇంకా చెడగొట్టే అవకాశం మన చేతుల్లోనే ఉంటుంది. సేకరించిన కొలతలు ఉండే టేబుళ్లు, అంటే హిస్టరీ పేరుతో ఉన్న ఐదు టేబుళ్లు, ట్రెండ్స్ రెండు టేబుళ్ల డేటా వదిలేస్తే డంప్ చాలా చిన్నదవుతుంది. హోస్టులు, టెంప్లేట్లు, జాబిక్స్ హెచ్చరికల ట్రిగ్గర్లు, యూజర్లు అన్నీ మిగతా టేబుళ్లలోనే ఉంటాయి.

ఆ తర్వాత లాగ్‌లో ఎర్రర్ పక్కనే చదరపు బ్రాకెట్లలో పూర్తి క్వెరీ (డేటాబేస్‌కు పంపిన ఆదేశం) ఉంటుంది కదా, అందులోని టేబుల్, కాలమ్ పేర్లు రాసుకుని, షో క్రియేట్ టేబుల్ (టేబుల్ నిర్మాణం చూపించే ఆదేశం) ఇచ్చినదానితో పోల్చాను. అక్షరం తేడా లేకుండా అదే కాలమ్, అందులో డిఫాల్ట్ విలువ తప్ప ఏమీ లేదు. దాన్ని డ్రాప్ చేసి సర్వర్‌ను లేపాను. ఈసారి 41 దాటింది.

ఇది చేసే ముందు ఒక్క షరతు: ఎర్రర్ వచ్చిన క్వెరీ ‘యాడ్ కాలమ్’ అయితేనే ఈ పద్ధతి. అక్కడ అప్‌డేట్ క్వెరీయో, ఫారిన్ కీయో (రెండు టేబుళ్లను కలిపే లంకె) ఉంటే మీరే కత్తిరించకండి, అప్‌గ్రేడ్‌కు ముందరి బ్యాకప్ ఉంటే దాని నుంచి మళ్లీ మొదలుపెట్టడమే నయం. డీబీవెర్షన్ టేబుల్‌లో సంఖ్యను చేత్తో పెంచేసి ‘పని అయిపోయింది’ అనే సలహాలు కూడా చూశాను. దయచేసి ఆ పని చేయకండి. జరగని ప్యాచ్‌ను జరిగిందని రాసుకోవడమే అది, దాని ఫలితం ఏ 7.0 అప్‌గ్రేడ్‌లోనో బయటపడుతుంది.

మళ్లీ శాతం ఆగితే? వెబ్ పేజీలో ‘మీ డేటాబేస్ వెర్షన్’ అని కనిపించే సంఖ్యను చూస్తూ ఉండండి. 5000000 దగ్గర మొదలై, 5010తో మొదలయ్యే సంఖ్యల మీదుగా, 5030, 5050తో మొదలయ్యేవి దాటుకుంటూ 6000000 వైపు నడుస్తుంది. పేజీ రిఫ్రెష్ చేసినప్పుడు సంఖ్య మారితే పని జరుగుతున్నట్టే. మారకపోతే ప్రాసెస్‌లిస్ట్ చూడండి. అక్కడ ఆల్టర్ టేబుల్ సాగుతుంటే అది పెద్ద టేబుల్‌ను కాపీ చేస్తూ ఉండొచ్చు. అప్పుడు చూడాల్సింది డిస్క్‌లో ఖాళీ. కాపీకి దాదాపు ఆ టేబుల్ అంత చోటు కావాలి. చోటుంటే వెళ్లి పడుకోండి, నిజంగానే చెప్తున్నా.

సర్వర్ లేచాక రెండు మూడు చిక్కులు రావచ్చు. లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని, క్యాష్‌సైజ్ పెంచమని వస్తే మెషీన్ ర్యామ్ గురించి కంగారుపడకండి, కాన్ఫిగ్ ఫైల్‌లోని క్యాష్‌సైజ్ పెంచి రీస్టార్ట్ చేస్తే చాలు. లాగ్ శుభ్రంగా ఉండి వెబ్ పేజీ మాత్రం ‘సర్వర్ నడవడం లేదు’ అంటే, వెబ్ సర్వర్ నుంచి 10051 పోర్ట్‌కు దారి ఉందో లేదో చూడండి. నా దగ్గర ఎస్‌ఈలైనక్స్ (లైనక్స్‌లోని భద్రతా వ్యవస్థ) అడ్డుకుంది. ప్రాక్సీలు (సర్వర్ తరఫున డేటా సేకరించి పంపేవి) ఉంటే వాటినీ 6.0కి మార్చాల్సిందే, 5.0 ప్రాక్సీ 6.0 సర్వర్‌తో పనిచేయదు. ప్రాక్సీ ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే డేటాబేస్) మీద ఉంటే ఆ ఫైల్ తనంతట తాను అప్‌గ్రేడ్ కాదు. దాన్ని తీసేసి ప్రాక్సీని లేపితే కొత్తది తయారు చేసుకుంటుంది, పంపని డేటా కాస్త పోతుంది.

1060 ఎర్రర్ పక్కన బ్రాకెట్లలో ఉన్న క్వెరీని, మొదటి ‘స్టార్టింగ్’ వరుస నుంచి ఓ యాభై వరుసల లాగ్‌ను ఇక్కడ పెట్టండి. హోస్ట్ పేర్లు, ఐపీలు తీసేసి పెట్టండి. కాలమ్ డ్రాప్ చేయొచ్చో లేదో చూసి చెప్తాను. అంతవరకు సర్వీస్‌ను ఆపేసే ఉంచండి.