రేషన్ బియ్యం ఉచితంగా వస్తుంటే ఇంకా ఆహార సార్వభౌమత్వం దేనికి?

"ఎవరూ పస్తులుండటం లేదు కదా, ఈ పెద్ద మాట చిన్న రైతుకి ఏం ఒరగబెడుతుంది?" అని అడిగారు. నేను చదివి చెప్పేవాణ్ణి కాదు. విశాఖ కంచరపాలెంలో ఉంటాను, పోర్టు దగ్గర ఒక లారీ ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఊరు మాడుగుల వైపు, కొండ కింద. రెండెకరాలుంది, అందులో ఎకరం మెట్ట. ఆ మెట్టలో నాకు తగిలిన దెబ్బే చెబుతా.

ముందు ఆ మాట సంగతి. 1996లో రోమ్‌లో ప్రపంచ ఆహార సదస్సు జరిగినప్పుడు లా వియా కాంపెసినా అనే రైతు సంఘాల కూటమి దీన్ని గట్టిగా వినిపించింది. ఆహార భద్రత అంటే కడుపు నిండిందా లేదా, అంతే, గింజ ఎక్కడిదైనా ఫరవాలేదు. వీళ్ల ప్రశ్న వేరు: ఏం వేయాలి, ఏం తినాలి, విత్తనం ఎవరి చేతిలో ఉండాలి అన్నది తేల్చేదెవరు?

మా మెట్టలో అమ్మ ఉన్నన్నాళ్లూ చోళ్లే (సిటీ వాళ్లకి రాగులంటే గానీ తెలియదు). కోతకి ముందు చేనంతా తిరిగి, పిడికిలి బిగించినట్టు ముడుచుకున్న లావు కంకులు ఏరి, కట్టలు కట్టి పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది. పొగకి నల్లబడేవి గానీ పురుగు పట్టేది కాదు. కందులు, బొబ్బర్లు అయితే బూడిద కలిపి కుండలో పోసి మూతికి పేడ మెత్తేది. తొలకరికి ఎవరైనా వచ్చి అడిగితే తవ్వెడు ఇచ్చి, పంటయ్యాక తవ్వెడున్నర తీసుకునేది. విత్తనానికి డబ్బు పెట్టాలన్న సంగతే ఆవిడకి తెలియదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. నేనప్పుడు చిన్నవాణ్ణి, రోజూ రెండు పూటలా తెల్లన్నం తిన్నది అప్పటినుంచే, దాన్ని తప్పుబడితే కళ్లు పోతాయి. కాకపోతే దానితోపాటు చోళ్లంటే చిన్నచూపు కూడా వచ్చింది. అక్క పెళ్లిచూపులకి వాళ్లు గుమ్మంలోకి రాగానే అమ్మ అంబలి కుండ పెరట్లోకి పట్టుకుపోవడం నాకింకా గుర్తుంది.

అమ్మ పోయాక నేను తెలివి ఉపయోగించి హైబ్రిడ్ మొక్కజొన్న వేశా. రెండేళ్లు బాగానే వచ్చింది, అబద్ధమెందుకు. మూడో ఏడు ఒక కొట్లో అప్పు మీద ప్యాకెట్లు తెచ్చా. చేను నిలువెత్తు పెరిగింది, పొత్తు వలిచి చూస్తే ముసలోడి నోట్లో పళ్లలా అక్కడొకటి ఇక్కడొకటి గింజ. కొట్టాయన "ఎండలు కదండీ" అన్నాడు. బిల్లు అడిగితే అప్పుకి బిల్లేమిటన్నాడు. ప్యాకెట్లు నేనే పొయ్యిలో పెట్టేశా. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చు అని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన ఆంధ్ర రైతుల కేసులోనే. చేతిలో చిత్తు కాగితం కూడా లేనివాడు ఏ మొహంతో వెళ్తాడు? మీరు సేద్యం చేస్తుంటే బిల్లు, లాట్ నంబరున్న ప్యాకెట్, గుప్పెడు విత్తనం పంట ఇంటికి చేరేదాకా దాచండి.

సరే, మళ్లీ చోళ్లు వేద్దామంటే ఇంట్లో విత్తనం లేదు. దూలానికి పురికొస ముక్క వేలాడుతోంది, అంతే. ఊళ్లో ఎవరి దగ్గరా లేదు, అందరం ఒకే తెలివి ఉపయోగించాం కదా! ఘాట్ ఎక్కి పాడేరు అవతల, అమ్మకి సంతలో పరిచయమైన ఒక ముసలమ్మ ఇంటికి పోయా. "ఏటి బాబూ, రైతువై ఉండి ఇత్తనం కోసం కొండెక్కినావా?" అంది. తలెత్తలేకపోయా. రెండు రకాలు ఇచ్చింది, ఒకటి తొందరగా కోతకొచ్చేది, ఇంకోటి ఆలస్యంగా. వాన ఎప్పుడొస్తుందో తెలీనప్పుడు రెండూ వెయ్యమంది. ఆ ఏడు వాన వెనకబడింది, మొదటిది సగం పోయింది, రెండోది నిలబడింది.

చట్టం కూడా మన పక్షానే ఉంది. 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం మన పంట విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదు. అయితే హైబ్రిడ్ గింజ దాచి వేస్తే మరుసటి ఏడు ఒక తీరుగా రాదు, ఇక ఆ హక్కుతో ఏం చేసుకుంటాం?

చోళ్లతో బాగుపడిపోయానని కాదు. 2025-26కి చోళ్ల మద్దతు ధర క్వింటాలుకి 4,886 రూపాయలు, సాధారణ రకం వడ్లకి 2,369. వినడానికి బాగుంది గానీ మా ఊళ్లో వడ్లు కొనడానికి మనుషులొస్తారు, చోళ్లకి దళారీ చెప్పిందే రేటు. అందుకే నేను పిండి పట్టించి మా వీధిలో, ఆఫీసులో అమ్ముకుంటున్నా. రేషన్ బియ్యం ఇప్పటికీ తెచ్చుకుంటాం, ఎకరం మెట్ట ఇంటిల్లిపాదికీ చాలదు.

పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది కాబట్టి పొగ లేదు, కంకులు ఎండబెట్టి డబ్బాలో వేపాకు వేసి పెడుతున్నా. మీకు మెట్ట ఉంటే తొలకరికి ముందు చెప్పండి, తవ్వెడు ఇస్తా. తిరిగి తవ్వెడున్నర ఇవ్వాలి.